నోరు మూసుకుని నడిచిన తీరం

మూడు రోజులు నోరు మూసుకుని పిల్లల వెనక నడవమని నాకు చెప్పినవాళ్లకు నా సంగతి తెలియదు. కొడవలూరు మండలంలో ఒక ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. నేను నిద్రలో కూడా పాఠం చెబుతానని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. అటువంటి నన్ను పట్టుకుని, ప్రాణం మీదికొస్తే తప్ప పిల్లల విషయంలో పెదవి విప్పకూడదన్నారు. సరేనని తలూపాను. ఊపాక గానీ ఎంత పెద్ద మాట ఇచ్చానో తెలిసిరాలేదు.

విషయం ఏమిటంటే, యువ సాధన పురస్కారం అని మా బడిలో ఒక పథకం నడుస్తోంది. మార్కులతో దీనికి పని లేదు. ఏడాది పొడుగునా పిల్లలు ఊరికి ఏదో ఒక సేవ చెయ్యాలి, ఒక చేతిపని నేర్చుకోవాలి, ఒక ఆట ఆడాలి. ఆఖరున నలుగురు జట్టుగా కలిసి ఒక యాత్ర చెయ్యాలి. తిరకాసంతా ఈ యాత్రలోనే ఉంది. సొంత కాళ్ల మీద నడవాలి, సొంత సరుకు మోసుకోవాలి, సొంతంగా వండుకోవాలి. తాగే నీళ్లు ఎక్కడైనా పట్టుకోవచ్చు గానీ దారిలో బండి ఎక్కకూడదు, ఏదీ కొనకూడదు, ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోకూడదు. చివరి రోజు పొద్దున పరిశీలకుడు వస్తాడు. ఆయన కళ్లెదుట ఆఖరి వంట వండుకుని తింటే యాత్ర పూర్తయినట్టు, వెండి పతకం వచ్చినట్టు. వెంట వెళ్లే టీచరు పిలుపు దూరంలో నడవాలి, సాయం చెయ్యకూడదు, సలహా ఇవ్వకూడదు. మా డ్రిల్లు మాస్టారు మాత్రం బైకు మీద ముందుగా వెళ్లి రాత్రి మజిలీ చూసిపెడతాడు.

మా జట్టుకు నాయకురాలు షాహిన. పదో తరగతి. వాళ్ల నాన్న మస్తాన్ గారు మా ఊళ్లో పరుపులు కుడతారు. చేతిపని కింద షాహిన ఆయన దగ్గరే పరుపు కుట్టడం నేర్చుకుంది. పోయినేడు కూడా ఈ పిల్ల యాత్రకు వెళ్లింది. దారిలో జడివాన పట్టుకుంటే ఎవరో ఆటో అన్న జాలిపడి ఎక్కించుకుని, రెండు మలుపుల అవతల దింపాడట. ఎవరూ చూడలేదు. పరిశీలకుడు అడిగినప్పుడు షాహినే ఉన్నదున్నట్టు చెప్పేసింది. పతకం పోయింది. వాళ్ల నాన్నమ్మ అద్దాల బీరువాలో టీ కప్పులు పక్కకు జరిపి పతకానికి చేసిన జాగా ఏడాదిగా ఖాళీగా ఉంది. పది అయిపోతే షాహిన బడి వదిలి వెళ్లిపోతుంది, ఇంకో అవకాశం లేదు. అందుకే ఈసారి నియమం అంటే ఆ పిల్లకు దెయ్యం పట్టినట్టు ఉండేది.

రామతీర్థం

జనవరి నెలాఖరు. వానలు వెనకబట్టి, ఎండ ఇంకా ముదరని రోజులు. రామతీర్థం ఒడ్డున బస్సు దిగగానే పిల్లలు స్టవ్వు వెలిగించి ఉప్మా మొదలుపెట్టారు. నేను మాత్రం ఎదురుగా ఉన్న బడ్డీకొట్టులో కారం దోసె తిన్నాను. ముప్పై రూపాయలు. నెల్లూరు ఊళ్లో ఇదే దోసెకు అరవై తీసుకుని, కారం మాత్రం పూసీ పూయనట్టు పూస్తారు. ఇక్కడి ఆమె దోసెకు రెండు వైపులా పట్టించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇంకోటి వెయ్యమన్నాను.

జట్టులో హేమంత్ అని ఒకడున్నాడు, వాడికి ఎప్పుడూ ఆకలే. ఉండకట్టిన ఉప్మా గరిటెతో నా దోసె వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. మిగతా ఇద్దరు లావణ్య, సునీల్. లావణ్య నవ్వడం మొదలుపెడితే ఆపలేదు. సునీల్ బలంగా ఉంటాడు కాబట్టి బియ్యం మూట వాడి వీపు మీద.

సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని ఉత్తరంగా నడక. ఒకవైపు సరుగుడు తోటలు, వాటి వెనక రొయ్యల గుంటలు, గుంటల్లో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు. సరుగుడు కొట్టే కూలీలు నీడన అన్నాలు తింటున్నారు. వాళ్లలో ఒకావిడ పిల్లల్ని చూసి మజ్జిగ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది. షాహిన రెండు చేతులూ జోడించి వద్దంది. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది, ఈ పిల్ల ఇంకో అడుగు వెనక్కేసింది. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, ఏందమ్మా ఈ పిల్లోళ్లు, మందు కలిపినాననుకుంటుండారా అంది. పిల్లల గురించి నేను మాట్లాడకూడదు గానీ నేను మజ్జిగ తాగకూడదని ఏ నియమంలోనూ లేదు. చెంబు ఖాళీ చేశాను. అల్లం, కరివేపాకు దంచి వేసింది, అమృతం. హేమంత్ అటు తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డాడు, పాపం.

చెప్పుల సంగతి

ఆ సాయంత్రం ఒక పాళెం దగ్గర ఇసకలో ఆరబెట్టిన వలను చూడకుండా చెప్పుకాళ్లతో దాటాను. ఎక్కడి నుంచి చూసిందో ఒక ముసలామె, కేకేసి నిలబెట్టింది. అన్నం పెట్టేదాన్ని చెప్పుతో దాటతావా, చదువుకున్నదానివి అని చెడామడా తిట్టింది. నాకు ఒళ్లు మండింది. మండిన మరుక్షణం మా బుచ్చిరెడ్డిపాలెం గుర్తొచ్చింది. మా పుట్టింట్లో కళ్లంలో వడ్ల రాశి పోస్తే దాని దగ్గరికి కలెక్టరొచ్చినా చెప్పులు విప్పి రావాల్సిందే. మా నాయన ఒకసారి ధాన్యం కొనడానికొచ్చిన షావుకారును ఇదే మాట అని వెనక్కి పంపాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని వలకు దణ్ణం పెట్టాను. ముసలామె చల్లబడి, ఏ ఊరని అడిగింది.

మా వైపు కొత్తవాళ్లు కనబడితే ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇక్కడ ఏ ఊరు అన్న తరువాత రెండో ప్రశ్న మీ కాడ చేపలు కిలో ఎంత అన్నది. నేను చెప్పిన ధర విని ఆమె నోరు నొక్కుకుంది. తను ఒడ్డున ఎంతకు అమ్ముకుంటుందో చెప్పింది, ఈసారి నేను నొక్కుకున్నాను. మధ్యలో ఉన్నవాళ్లెవరో గానీ బాగుపడుతున్నారు.

మేకలు

రెండో రోజు ఇసకపల్లి దగ్గర ఉప్పుకాలవ దాటాలి. సముద్రపు పోటు ఎదురెక్కే కాలవ అది. ఆటుపోట్ల సమయం చూసుకునే బయలుదేరారు. దాటేటప్పుడు మోకాళ్ల లోతే, భయం లేదు. భయం లేదు కాబట్టే సునీల్ హీరోలాగా నడిచి, జారి, వీపు మూటతో సహా వెల్లకిలా పడ్డాడు. లేచాడు, నవ్వాడు. బియ్యం మాత్రం ఉప్పునీళ్లలో నానిపోయింది.

ఇక మా కొడవలూరు పిల్లల తెలివి చూడండి. హైవే పక్కన మైళ్ల కొద్దీ వడ్లు ఆరబోసుకునే ఊళ్లలో పుట్టినవాళ్లు. తడిసిన గింజ కనిపిస్తే వాళ్లకు ఒకటే తోస్తుంది. ఉప్పు మడులు దాటాక చేపలు ఎండబెట్టే చదును నేల ఒకటి కనబడితే, బియ్యం కడిగి, దుప్పటి పరిచి, ఎండుతున్న నెత్తళ్ల చేపల పక్కన చక్కగా ఆరబోశారు. వేళ్లతో గీతలు కూడా గీశారు, మా వైపు కాళ్లతో వడ్లు తిరగేసినట్టు. హేమంత్‌ను కాపలా పెట్టి తక్కిన ముగ్గురూ నీళ్లు పట్టుకోవడానికి వెళ్లారు.

ఎండుచేపల దగ్గర కాపలా అంటే కాకుల్ని తోలడమే. హేమంత్ కాకుల్నే తోలాడు, పాపం నిజాయితీగా తోలాడు, ఆకాశం వైపు చూస్తూ. నేల మీద మేకలొస్తాయని వాడనుకోలేదు. చేపల్ని ముట్టని మేకలు బియ్యాన్ని వదులుతాయా? నేను అంత దూరంలో సరుగుడు చెట్టు కింద కూర్చుని అంతా చూస్తున్నాను. ఒక మంద, తోకలాడిస్తూ, పెళ్లి బంతికి కూర్చున్నట్టు దుప్పటి చుట్టూ చేరింది. నా నోటిదాకా వచ్చింది కేక. మేక ప్రాణం మీదికొచ్చే సంగతి కాదు గదా! కొంగు నోట్లో కుక్కుకున్నాను. హేమంత్ కిందికి చూసేసరికి దుప్పటి అంచు నములుతోంది ఒకటి.

షాహిన తిరిగొచ్చి చూసి, ఖాళీ దుప్పటి దులిపి మడతపెట్టింది. అరిచినా బాగుండేది. లావణ్యకు మాత్రం నవ్వు ఆగలేదు, నవ్వుతూనే ఏడుపు మొదలుపెట్టింది. రవ్వ మొదటి రోజే అయిపోయింది. మూటల్లో మిగిలింది చింతపండు, కారం, ఉల్లిపాయలు, సీసాలో నూనె, నాలుగు వేరుశనగ చిక్కీలు. రేపు పొద్దున పరిశీలకుడి ముందు వండడానికి ఏమీ లేదు. కొనకూడదు, అడగకూడదు. నా సంచిలో రెండు శేర్ల బియ్యం ఉంది, ఇవ్వకూడదు. ఆ సంచి ఆ పూట నాకు బండరాయంత బరువనిపించింది.

కామాక్షమ్మ అన్నం

చిక్కీలు నములుతూ పొద్దు వాలేవేళకు జువ్వలదిన్నె ఇవతలున్న పట్టపుపాళెం చేరారు. యాత్ర ముగిసే చోటు అదే. తుఫాను షెల్టరులో మూటలు దించారో లేదో, పక్కింటి కామాక్షమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద నవ్వు. వాళ్లాయన ఆదెయ్య ఆ పాళేనికి కాపు. కాపంటే అక్కడ పెద్దమనిషి, తగవులూ కట్టుబాట్లూ ఆయన మాట మీద నడుస్తాయి.

ఆమె చేతిలో అన్నం గిన్నె, దాని మీద కవళ్ల చేపల పులుసు. ఆ వాసన గురించి రాయడానికి నాకు చేతకాదు. హేమంత్ కళ్లు మూసుకున్నాడు. షాహిన లేచి నిలబడి, మేము తీసుకోకూడదక్కా అంది. కామాక్షమ్మ మొహం వాడిపోయింది. మా ఇంటి కూడు మీకు పనికిరాదా అని అడిగింది. ఆ మాటకు పిల్ల గిలగిల్లాడిపోయింది. పోయినేటి ఆటో దగ్గర మొదలుపెట్టి ఈనాటి మేకల దాకా మొత్తం చెప్పుకొచ్చింది.

కామాక్షమ్మ అంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ రూలు రాసినాయన కడుపునిండా తిని రాసుంటాడు" అంది. తరువాత గొంతు తగ్గించి చెప్పింది. "తెల్లార్తో అలివి వల లాగతాం. తాడు మీద చెయ్యేసినోళ్లకందరికీ పాలుంటది. పసిబిడ్డయినా, ఊరు గాని ఊరోళ్లయినా సరే. అది దానం గాదు పాపా, మీ కష్టం."

పాలంటే అక్కడ వాటా. పిల్లలు నలుగురూ గుండ్రంగా కూర్చుని వాదించుకున్నారు. సునీల్ లాగుదామన్నాడు. హేమంత్ ఎప్పుడు లాగుదామన్నాడు. షాహిన ఒక్కతే తేల్చుకోలేకపోయింది. ఆటో ఎక్కినప్పుడు కూడా తప్పనిపించలేదు నాకు, అంది. ఆ మాట విని నాకు లేచి వెళ్లి దగ్గరికి తీసుకోవాలనిపించింది. కూర్చునే ఉన్నాను. చివరికి, లాగుదాం, సార్ అడగకముందే నేనే చెబుతాను, పోతే పోయింది అంది షాహిన.

తాడు

తూర్పున ఎర్రబారేసరికి పాళెం పాళెమంతా ఒడ్డున ఉంది. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వచ్చింది. దాని రెండు కొసల తాళ్లు ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో. వెనక్కి వాలి, మడమలు ఇసకలో దించి లాగాలి. మొదట్లో మా పిల్లలు తాడు లాగారో తాడే వాళ్లను లాగిందో చెప్పలేను. లావణ్య పడింది, పడి నవ్వింది, ఆమెను చూసి రెండో తాడు వాళ్లు కూడా నవ్వి లాగడం ఆపేస్తే ఆదెయ్య కసిరాడు. పరుపులు కుట్టి కుట్టి గట్టిపడ్డ చేతులు కాబట్టి షాహిన మాత్రం పట్టు వదల్లేదు. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. టీచరు తాడు పడితే అది సాయం చేసినట్టవుతుంది.

సరిగ్గా అప్పుడే పరిశీలకుడు రాఘవరావు గారు దిగారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల టోపీ, నవ్వు అన్నది ఖాతాలో లేని మొహం. పోయినేడు షాహినకు పతకం లేదన్నది ఈయనే. పిల్లలెక్కడ అని నన్నడిగారు. నేను నోరు తెరవకుండా వేలు చూపించాను. ఆయన తాడు దగ్గరికి నడిచారు. అప్పుడే వల బరువెక్కింది, గుంపంతా ఒక్కసారి ముందుకు జారింది. "సారూ, అట్ట చూస్తా నిలబడితే ఎట్టా, ఆ కొస పట్టుకోండి" అని కామాక్షమ్మ అరిచింది.

ఏమనిపించిందో ఏమో, ఆయన పట్టుకున్నారు. ముందు రెండు వేళ్లతో, తరువాత రెండు చేతులతో. కాసేపటికి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, టోపీ ఎక్కడ పడిందో కూడా చూడకుండా, అందరితో కలిసి ఏలో ఏలో అంటున్నారు. వల ఒడ్డుకొచ్చి అందులో వెండి ముద్దలా చేపలు ఎగిరినప్పుడు ఆ మనిషి మా హేమంత్ భుజం పట్టుకుని గంతేశారు. నేను చూశాను, ఒట్టు.

ఆదెయ్య పాలు పంచాడు. పడవకింత, వలకింత తీసి, చెయ్యేసినవాళ్లందరి ముందూ ఒక్కో కుప్ప పోసుకుంటూ వచ్చాడు. షాహిన ముందు పోశాడు, హేమంత్ ముందు పోశాడు, రాఘవరావు గారి ముందు కూడా పోశాడు. నా ముందు నుంచి మాత్రం చూపైనా తిప్పకుండా వెళ్లిపోయాడు. నేను కామాక్షమ్మ వైపు చూస్తే, మీరు చెయ్యెయ్యలేదు గదమ్మా అంది, మొహమాటం లేకుండా.

రాఘవరావు గారు తన కుప్ప చూసి వెనక్కి తగ్గారు. వద్దయ్యా, ఊరికే తీసుకోను అన్నారు. ఆదెయ్యకు కోపమొచ్చింది. "ఊరికే ఏంది సార్? లాగినారు గదా. లాగినోడి పాలు ఆపితే మా కట్టుబాటు చెడిపోతది" అన్నాడు. రాఘవరావు గారు వంగి చేపలన్నీ జాగ్రత్తగా ఏరి చేతిసంచిలో వేసుకున్నారు. ఇంటికి తీసుకెళ్లి చూపించాలన్న ఉబలాటం మొహంలో దాగలేదు.

ఆఖరి వంట

షెల్టరు ముందు స్టవ్వు వెలిగింది. రాఘవరావు గారు మళ్లీ టోపీ పెట్టుకుని పరిశీలకుడైపోయారు. సరుకులు చూపించమన్నారు. షాహిన చింతపండు, కారం, ఉల్లిపాయలు వరసగా పెట్టి, పక్కన చేపలు పెట్టింది. బియ్యమేదన్నారు. మేకలు తిన్నాయంది. ఆయన అడగకముందే మిగతాది కూడా చెప్పేసింది. రాత్రి అన్నం వద్దన్న సంగతీ, పొద్దున తాడు పట్టింది కేవలం తమాషాకు కాదనీ, ఈ చేపల కోసమేననీ కూడా దాచలేదు. ఏ పతకం పోతుందని ఏడాది భయపడిందో దాన్ని తన చేత్తోనే మళ్లీ ఆయన ముందు పెట్టింది. 

ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి. "బయటివాళ్లు ఇచ్చింది తీసుకోకూడదని నియమం ఉంది కదమ్మా" అన్నారు.

షాహిన తల దించుకుంది. మూడు రోజులుగా మింగుకున్న మాటలన్నీ నా గొంతులోకి వచ్చాయి. ఒక్క మాటన్నా పిల్లకు నష్టమే. మళ్లీ కొంగు నోట్లోకి పోయింది. అంతలో షాహిన తల ఎత్తి, ఆయన చేతిలోని సంచి వైపు చూసింది. నీళ్లు కారుతోంది అది.

"సార్, మీకు ఊరికే ఇచ్చినారా?" అంది. వెక్కిరింపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఆయన సంచి వైపు చూసుకున్నారు. అరచేతులు తిప్పి చూసుకున్నారు, తాడు ఒరిసి ఎర్రగా కమిలి ఉన్నాయి. షాహిన చేతులు చూపించమన్నారు. అవీ అంతే. అప్పుడు కదిలింది ఆ మొహం. బ్యాంకులో ముప్పై ఏళ్లు దాచిపెట్టిన నవ్వంతా బయటికొచ్చింది. ఇసకలో చతికిలబడి, "పులుసులో ఉప్పు చూసుకోమ్మా, మేకలు మెచ్చిన జట్టని పేరొచ్చాక వంట చెడితే బాగుండదు" అన్నారు.

అన్నం లేకుండా చేపల పులుసు తిన్న నెల్లూరు జిల్లా వాళ్లను నేను అంతకు ముందు చూడలేదు. ఇంకొకసారి చూడాలని కూడా లేదు. హేమంత్ ప్రతి ముక్కకూ ఒకసారి అన్నాన్ని తలుచుకుని నిట్టూర్చాడు. అయినా గిన్నె అడుగు కనబడేదాకా లేవలేదు. రాఘవరావు గారు లేచి నలుగురికీ చేతులు కలిపి, యాత్ర పూర్తయింది, వెండి పతకం మీదే అన్నారు. అన్నారో లేదో నేను నోరు తెరిచాను. మజ్జిగ దగ్గర్నుంచి మేకల దాకా ఒక్కొక్కరిని పేరుపేరునా తిట్టి, పేరుపేరునా ముద్దు పెట్టుకున్నాను. నా సంచిలో బియ్యం తీసి కామాక్షమ్మ పొయ్యి మీద పెట్టించాను. ఆ అన్నంలోకి వాళ్లు మిగిల్చిన పులుసేమైనా ఉందా అంటే లేదు. కామాక్షమ్మే తన పాలులోంచి పెట్టింది. హేమంత్ మళ్లీ మొదటి నుంచి తిన్నాడు.

బండి

ఎండెక్కాక మస్తాన్ గారు ట్రాలీ ఆటోలో వచ్చారు. కావలిలో పరుపులు దించేసి, దూది ఎక్కించుకుని అటునుంచి అటే వచ్చారట. పతకం సంగతి విని రుమాలుతో మొహం తుడుచుకుని, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుచుకున్నారు. తరువాత ఫోను చేసి, అమ్మా, బీరువాలో ఆ కప్పులు అట్లనే పక్కకు ఉంచు అని మాత్రం చెప్పారు. సునీల్, లావణ్య, హేమంత్ వెనక దూది మూటల మీదికి దూకారు. నేనూ ఎక్కాను, నా మోకాళ్లకు అంత మెత్తటి చోటు మూడు రోజుల్లో దొరకలేదు.

షాహిన మాత్రం ఎక్కలేదు. ఆటో కమ్మీ మీద చెయ్యేసి అలాగే నిలబడింది. వాళ్ల నాన్న రమ్మన్నా కదల్లేదు. బస్సు కోసం నడవబోతున్న రాఘవరావు గారి వైపు తిరిగింది.

"సార్, ఇప్పుడు బండెక్కచ్చా?"

మేమెవరమూ నవ్వలేకపోయాం. ఆయన ఆగారు. తరువాత చేపల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఆటో దగ్గరికి వచ్చారు.

"ఎక్కు తల్లీ. ఎక్కి, నాక్కూడా కాస్త జాగా ఉంచు."